తల్లి లేని గున్నలూ, తల్లి ఉన్న కూనలూ

2023 మార్చిలో అమెరికాలో ఆస్కారు బహుమతులు పంచిననాడు మన తెలుగువారి ఇళ్లలో జరిగిన సంబరం చదువరులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రంలోని 'నాటు నాటు' పాటకు బహుమతి వచ్చింది. కీరవాణిగారూ చంద్రబోస్‌గారూ వేదిక ఎక్కి దాన్ని అందుకున్నారు. వారం పది రోజులు ఏ వీధిలో విన్నా ఆ పాటే. ఆ సందడిలో పడి, అదేనాడు అదే వేదిక మీద మన దేశానికే దక్కిన మరొక బహుమతిని మనవాళ్లలో చాలామంది పట్టించుకోలేదు. అది లఘు డాక్యుమెంటరీలకు ఇచ్చే బహుమతి. చిత్రం పేరు 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. ఏనుగులతో గుసగుసలాడేవారు అని మన మాటల్లో చెప్పుకోవచ్చు. తీసినామె కార్తికీ గొన్సాల్వెస్. నిర్మించినామె గునీత్ మోంగా. దర్శకురాలికి ఇదే మొదటి చిత్రమట. 2022 డిసెంబరు నుంచి అది నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. ఉన్నదంతా కలిపి నలభై నిమిషాలు.

ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని, పెద్దవాళ్లు దగ్గి గొంతు సవరించుకోవలసిన అవసరం గాని, పిల్లల కళ్లు మూయవలసిన అవసరం గాని లేకుండా చూడదగిన చిత్రాలు ఈ రోజుల్లో ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. ఇది అలాంటిది. మేము రెండుసార్లు చూశాం. చిత్రంలో మాట్లాడేది తమిళం. పుదుచ్చేరి నుంచి బదిలీ మీద వచ్చే ఉద్యోగులతో కచేరీలో మాట్లాడీ మాట్లాడీ మాకు ఆ భాష కొంత పట్టుబడింది కనుక, పక్కన కూర్చున్న పిల్లలకు ఎప్పటికప్పుడు తెలుగు చెబుతూ చూశాం. అయినా చెప్పవలసినది అంత ఎక్కువేమీ లేదు. గున్న ఏనుగు మారాం చేస్తూ ముద్ద ఉమ్మేయడానికి తెలుగైతేనేం, తమిళమైతేనేం!

కథ చిన్నది. నీలగిరి కొండల దిగువన ముదుమలై అడవి ఉంది. అందులో మోయారు ఏటి ఒడ్డున తెప్పకాడు అనేచోట తమిళనాడు అటవీశాఖవారి ఏనుగుల శిబిరం ఉన్నది. అక్కడ పనిచేసే బొమ్మన్ అనే ఆయన, బెళ్లి అనే ఆమె, ఇద్దరూ కాట్టునాయకర్ తెగవారు. ఒక కరువు ఏడాది ఏనుగుల మంద తిండి వెతుక్కుంటూ ఊళ్ల మీదికి వచ్చింది. ఒక తల్లి ఏనుగు కరెంటు తీగె తగిలి చనిపోయింది. దాని పిల్ల ఒంటరిదైంది. ఒంటినిండా పుళ్లు, పుళ్లనిండా పురుగులు, తోకను కుక్కలు కొరికాయి. మందతో కలుపుదామని చూస్తే కుదరలేదు. ఇక బతకదులే అనుకున్న ఆ పిల్లను తెచ్చి బొమ్మన్ చేతిలో పెట్టారు. దానికి రఘు అని పేరు పెట్టారు. బెళ్లి మొదటి భర్తను పులి చంపింది. ఆమె కన్న కూతురూ పోయింది. అటువంటి మనిషి చేతికి ఈ గున్న వచ్చింది. పాలుపట్టడం, పుళ్లకు మందు రాయడం, ఏటిలో తోమి కడగడం, ముద్దలు కలిపి నోట పెట్టడం, చిత్రంలో సగం ఇదే. ఇంకొన్నాళ్లకు అమ్ము అనే ఆడగున్న కూడా ఇలాగే దిక్కులేనిదై వచ్చి చేరింది. మొదట రఘుకు అసూయ, తరువాత చెలిమి. ఇద్దరి పెంపకం మధ్య బొమ్మన్, బెళ్లి పెళ్లి కూడా చేసుకున్నారు. దిక్కులేని ఏనుగు గున్నలను రెండింటిని ఇలా బతికించి పెంచిన దంపతులు దక్షిణ దేశంలో వీరే మొదటివారని చిత్రంలో చెప్పారు.

మాకు నచ్చినదేమంటే, ఇందులో ఉపన్యాసం లేదు. వెనుకనుంచి గంభీరమైన గొంతు ఒకటి ప్రకృతిని గూర్చి పాఠం చెప్పదు. పనిచేసేవాళ్లు పనిచేస్తూ మాట్లాడిందే మాట. నచ్చనిదీ లేకపోలేదు. సూర్యోదయాలూ, మంచూ, కొమ్మల మీది పిట్టలూ కాస్త ఎక్కువయ్యాయి. మరీ తీపి చేసిన పాయసం లాగా. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. తల్లిలేని గున్నను బతికించడం ఎంత కష్టమో ఈ చిత్రం చూసినవారికి సరిగా తెలియదు. రఘు బతికింది, అమ్ము బతికింది, అంచేత ప్రేమగా పాలు పడితే చాలు బతుకుతాయి కాబోలు అనిపిస్తుంది. అది నిజం కాదు.

నిజం ఎలా ఉంటుందో ఆ బహుమతి వచ్చిన నెలలోనే కనిపించింది. ధర్మపురి జిల్లాలో బావిలో పడిన ఒక చిన్న గున్నను పైకి తీశారు. తల్లితో కలిపే దారి కనిపించక తెప్పకాడుకు తెచ్చి ఆ దంపతుల చేతిలోనే పెట్టారు. లోకమంతా పొగుడుతున్న ఆ చేతులే. పశువైద్యులూ పక్కనే ఉన్నారు. అయినా నెలాఖరుకు అది విరేచనాలు పట్టుకుని చనిపోయింది. పోసిన పాలు దానికి ఇమడలేదు.

ఎందుచేతనంటే, ఏనుగు కడుపు ఆవుపాలకు పుట్టలేదు. తల్లి ఏనుగు ఇరవై రెండు నెలలు మోసి కంటుంది. పుట్టినప్పుడే పిల్ల ఇంచుమించు నూరు కిలోలుంటుంది. రెండేళ్లూ ఆ పైనా తల్లిపాలు తాగుతుంది. మొదటి నెలల్లో పాలు తప్ప మరొకటి ముట్టదు. ఆ పాలలోని కొవ్వు వేరు, ఆవుపాలలోని కొవ్వు వేరు. తేడా వస్తే రెండు రోజుల్లో నీరుగారిపోతుంది. ఆఫ్రికాలోని కెన్యా దేశంలో డాఫ్నీ షెల్డ్రిక్ అనే ఆమె ఈ ఒక్క సంగతి కనిపెట్టడానికి ఏళ్ల తరబడి తంటాలు పడింది. ఎన్నో గున్నలు చేతుల్లోనే పోయాక, చిట్టచివరకు ఏనుగుపాల కొవ్వుకు దగ్గరగా వచ్చేది కొబ్బరినూనె అని తేలింది. పసిపిల్లల డబ్బాపాలపొడిలో కొబ్బరినూనె కలిపి పట్టసాగింది. గున్నలు బతకసాగాయి. మన కోనసీమవాళ్లం కొబ్బరినూనెతో చెయ్యని పని లేదనుకుంటాం గాని, ఈ పని మనకు తోచలేదు సుమా!

ఆమెకు 1974లో ఒక పెద్ద దెబ్బ తగిలింది. అయిషా అనే పసిగున్నను ఆరునెలలపాటు తానే తల్లియై పెంచింది. ఇంతలో సొంత కూతురి పెళ్లి వచ్చింది. రెండు వారాలకని వేరేవారికి అప్పగించి వెళ్లింది. అయిషా తిండి మానేసింది. ఆమె తిరిగివచ్చేటప్పటికి చిక్కి శల్యమై, ఆమె చేతుల్లోనే ప్రాణం విడిచింది. అప్పటినుంచి ఆమె కట్టుబాటు మార్చింది. ఏ గున్నకూ ఒకే మనిషి అలవాటు కాకూడదు. కాపరులు పలువురుంటారు. రాత్రులు గున్న పక్కనే చాప పరచుకుని పడుకుంటారు, కాని వంతులవారీగా మారుతుంటారు. గున్న మమకారం ఒక్క మనిషి మీద కాక, తోటి గున్నల మీద పెరగాలి. ఈమె పనిని, బోర్నియో దీవిలో 1971 నుంచి దిక్కులేని ఒరాంగుటాన్ పిల్లలను సాకుతున్న బిరూతే గాల్డికాస్ అనే ఆమె పనిని కలిపి 2011లో 'బార్న్ టు బి వైల్డ్' అని ఐమాక్స్ తెరల కోసం ఒక చిత్రం తీశారు. అదీ నలభై నిమిషాలదే, అదీ పిల్లలతో చూడదగినదే. వ్యాఖ్యానం చెప్పినది మోర్గన్ ఫ్రీమన్. ఒరాంగుటాన్ అంటే మనిషిని పోలిన ఎర్రవెంట్రుకల కోతి. పిల్ల ఏడెనిమిదేళ్లు తల్లిని అంటిపెట్టుకుని ఉంటుంది. పామాయిలు తోటల కోసం అక్కడి అడవులు నరికేస్తుంటే ఆ పిల్లలు దిక్కులేనివవుతున్నాయి. మన వంటిళ్లలో బూరెలు వేగే నూనె ఎక్కడినుంచి వస్తున్నదో ఆ చిత్రం చూసినప్పుడు తలపుకు రాక మానదు.

ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పెద్ద తేడా కనిపిస్తుంది. కెన్యాలో పెంచిన గున్నలు కొన్నేళ్లకు సావో అడవుల్లోని మందల్లో కలిసిపోతాయి. ఎప్పుడు వెళ్లాలో అవే నిర్ణయించుకుంటాయి. కొన్ని తమకు అడవిలో పుట్టిన పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి పాత కాపరులకు చూపించి పోయినవీ ఉన్నాయి. తెప్పకాడులో అలా కాదు. అక్కడ గున్న పెరిగి శిబిరం ఏనుగు అవుతుంది, మావటి చేతికింద ఉంటుంది. మనిషి వాసన మరిగిన ఏనుగును అడవిలో వదిలితే అది మళ్లీ ఊళ్లవైపే నడుస్తుందన్న భయం అందుకొక కారణం. అయితే మన దేశంలో ఇది బొత్తిగా జరగదని కాదు. అస్సాంలో కాజీరంగ దగ్గర అటవీశాఖవారూ భారత వన్యప్రాణి ట్రస్టువారూ కలిసి 2002 నుంచి నడుపుతున్న కేంద్రంలో పెంచిన గున్నలను మానస్ అడవుల్లో వదిలారు.

'ఎలిఫెంట్ విస్పరర్స్' చివరలో రఘు పెద్దదైంది అని అటవీశాఖవారు దానిని వేరే మావటికి అప్పగిస్తారు. బొమ్మన్, బెళ్లి నోట మాట లేదు. అమ్ము పాలు ముట్టదు. మా ఇంట్లో పిల్లలు అక్కడే అడిగారు: "ఎందుకు తీసుకుపోయారు? వాళ్లు బాగానే చూసుకుంటున్నారుగా?" ఈ ప్రశ్నకు చిత్రంలో జవాబు లేదు. పైన చెప్పిన అయిషా సంగతి చెబితే పిల్లలు కాసేపు ఊరుకున్నారు. పూర్తిగా ఒప్పుకున్నారని మేము అనుకోము. మేమే పూర్తిగా ఒప్పుకోలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుని పెంచిన వాళ్లను ఒక కాగితం మీది ఉత్తర్వుతో వేరుచేయడానికి ఇంతకంటే మెత్తని పద్ధతి ఒకటి ఉండకపోదు. అయినా 2023లోనే తమిళనాడు ప్రభుత్వం బెళ్లిని ఏనుగుల శిబిరంలో ఉద్యోగంలోకి తీసుకున్నది. ఆ పనికి ఆ రాష్ట్రంలో ఆమే మొదటి స్త్రీ. ముఖ్యమంత్రి రెండు శిబిరాల్లోని మావటులకూ, వారి సహాయకులకూ, మొత్తం 91 మందికి తలా లక్ష రూపాయలు ప్రకటించారు. ఒక చిన్న చిత్రం వల్ల ఇంత జరగడం మామూలు సంగతి కాదు.

మరి మన తెలుగుదేశంలో ఇటువంటి కథలు లేవా? చిత్రం తీయలేదు గాని, కథ ఉన్నది. ఆస్కారు ప్రకటనకు సరిగా వారం ముందు, 2023 మార్చి మొదటి రోజుల్లోనే, నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురంలో అది జరిగింది. నల్లమల అంచున ఉన్న పల్లె. ఊరి పక్కన నాలుగు పులిపిల్లలు కనిపించాయి, తల్లి లేదు. ఊరి కుక్కలు పీకి చంపుతాయేమోనని గ్రామస్థులు వాటిని ఒక గదిలో పెట్టి అటవీశాఖకు కబురు చేశారు. పులి పిల్లలను కుక్కలనుంచి కాపాడిన ఊరు! దండం పెట్టవలసిన పనే. వెంటనే పెద్ద గాలింపు మొదలైంది. ఆ ప్రాంతంలో తిరిగే ఆడపులికి అటవీశాఖవారు పెట్టిన గుర్తు టి-108. దాని అడుగుజాడలు వెతికారు. రహస్య కెమెరాలు కట్టారు. పిల్లలను రాత్రి అడవిలో ఉంచి తల్లి వస్తుందేమోనని కాచుకున్నారు. మూడు నాలుగు రోజులు గడిచాయి. తల్లి పిల్లలను చేరలేదు. పిల్లలు నీరసిస్తున్నాయి. ఇక ఆగితే ప్రమాదమని తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు తరలించారు.

ఆ రోజుల్లో పత్రికలు చదివినవారిలో కొందరు, "నాలుగు రోజులు వృథా చేశారు, మొదటినాడే తిరుపతి పంపవలసింది," అన్నారు. అది సరికాదు. జాతీయ పులుల సంరక్షణ సంస్థవారు తప్పిపోయిన పులిపిల్లల విషయంలో ఒక పద్ధతి రాసిపెట్టారు. మొదటి ప్రయత్నం తల్లిని చేర్చడమే. అది సాగకపోతేనే పెంపకం. పెంచినా అడవిలోనే కంచె కట్టిన విశాలమైన చోట, మనిషి మొహం చూపకుండా పెంచాలి. రెండేళ్లు నిండాలి. వేట నేర్వాలి. కనీసం ఏబైసార్లు తనంత తాను జంతువును పట్టి చంపినట్టు రుజువు కావాలి. అప్పుడు గాని అడవిలో వదిలే మాట లేదు. తల్లి పులి దగ్గర ఆడుతూ పాడుతూ నేర్చుకునే చదువు ఇక్కడ ఎంత ఖరీదైనదో చూడండి. ఇది ఎన్నడూ ఫలించలేదా అంటే, ఫలించింది. మధ్యప్రదేశ్‌లోని పన్నా అడవిలో 2009 నాటికి పులులన్నీ అంతరించాయి. ఇతర అడవులనుంచి పులులను తెచ్చి వదిలారు. ఆ వచ్చినవాటిలో కాన్హాలో దిక్కులేనివై మనుషుల సంరక్షణలో పెరిగిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నాయి. 2011లో వాటిని పన్నాలో వదిలితే వేటాడి బతికాయి, పిల్లలనూ పెట్టాయి. కాని అలాంటి కథ అరుదు. తల్లి విడిచిన పులిపిల్లలలో ఎక్కువవాటికి జీవితాంతం బోనే గతి.

తల్లులు ఎందుకు పోతున్నాయన్నది చిత్రం రెండు మాటల్లో చెప్పి దాటుకున్నది. ఏనుగుల విషయంలో ముఖ్యంగా కరెంటు. పంట మేయడానికి వచ్చే అడవిపందుల కోసం పొలం చుట్టూ దొంగచాటుగా తీగె లాగి కరెంటు వదులుతారు. పందికి పెట్టినది ఏనుగుకు తగులుతుంది, ఒక్కొక్కప్పుడు తెల్లవారుజామున నీరు పెట్టడానికి వెళ్లిన పక్క రైతుకే తగులుతుంది. ఒకప్పుడు వెదురంత ఎత్తున ఉన్న లైను సాగిపోయి చేతికందేంత కిందికి వేలాడుతుంటుంది. 2023 మార్చిలోనే ధర్మపురి జిల్లాలో ఇలాంటి దొంగతీగెకు మూడు ఏనుగులు పోయాయి. ఆ మే నెలలో మన పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒక్కసారే చనిపోయాయి. చిత్తూరు జిల్లా కౌండిన్య అడవి చుట్టుపక్కల రైతులకు ఈ బాధ నలభై ఏళ్లనాటిది. ఏనుగు పంట తొక్కితే ఏడాది కష్టం ఒక రాత్రిలో పోతుంది. వాళ్ల కడుపుమంట కాదనలేనిది. అందుకనే శిక్షణ పొందిన కుంకీ ఏనుగులతో అడవి ఏనుగులను మళ్లించే ఏర్పాటు చేస్తున్నారు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీలను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది.

ఇంతవరకూ కొండల సంగతి. మేముండేది సముద్రానికి దగ్గర, ఏనుగులూ పులులూ లేని చోట. యానాంలో అడవిపొలం మా పేట. ఎక్కడెక్కడో తరాలుగా స్థిరపడిన మన పత్రిక కుటుంబాలకు ఈ పేరు వింతగా ఉండవచ్చు. పేరులో అడవీ ఉన్నది, పొలమూ ఉన్నది. ఇప్పుడు ఇళ్లే ఎక్కువ. అయితే గౌతమీ గోదావరి పక్కనే పారుతున్నది. కాస్త ఉత్తరంగా వెళితే కోరంగి మడ అడవి. 1978లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లు. అందులో నీటికుక్కలున్నాయి, నక్కలున్నాయి, అన్నిటికంటె ముఖ్యంగా నీటిపిల్లి ఉన్నది. పెంపుడు పిల్లికి రెండింతలుంటుంది. బూడిదరంగు ఒంటిమీద నల్లని మచ్చలు. వేళ్లమధ్య కొద్దిగా పొర ఉంటుంది. రాత్రిపూట నీటి అంచున కూర్చుని పంజాతో చేపను గీకి తీస్తుంది. చూడనివారు దీని కూనను చూస్తే చిరుతపిల్ల అనే అనుకుంటారు. పొలాల్లో తిరిగే అడవిపిల్లి వేరు. అది ఇంకాస్త చిన్నది, కాళ్లు పొడుగు, చెవుల కొసన చిన్న కుచ్చు.

ఇక్కడికి వచ్చేసరికి కథ తలకిందులవుతుంది. తెప్పకాడుకు వచ్చే గున్న నిజంగా తల్లిలేనిది. మన పొలంగట్ల మీద దొరికే కూనల్లో చాలావాటికి తల్లి ఉంటుంది. పిల్లికి నాలుగు కూనలుంటే నాలుగింటినీ ఒకేసారి మోయలేదు. ఒకదానిని నోట కరుచుకుని వెళ్లి దాచి, మరొకదాని కోసం వస్తుంది. వేటకు వెళితే గంటల తరబడి రాదు. జింక తన పిల్లను గడ్డిలో పడుకోబెట్టి తాను దూరంగా మేస్తుంది. పిల్ల కదలకుండా పడుకోవడమే దానికి రక్ష. కుందేలు తన పిల్లలకు రాత్రివేళ ఎప్పుడో ఒకసారి వచ్చి పాలిచ్చి పోతుంది. పగలు చూసినవారికి అది దిక్కులేని పిల్లే. రెక్కలు సరిగా రాని పిట్టపిల్ల చెట్టుకింద ఎగురుతుంటే తల్లిదండ్రులు పై కొమ్మమీద ఉండి అరుస్తూనే ఉంటాయి. ఇన్ని సంగతులు తెలియక, అయ్యో పాపం అని ఒక దయగల చెయ్యి దానిని ఎత్తుకుంటుంది. సరిగా ఆ నిమిషంలోనే అది తల్లిలేనిదవుతుంది.

ఇక మన సముద్రపు తాబేళ్ల సంగతి మరీ విచిత్రం. హోప్ దీవి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేలు నూరు గుడ్ల దాకా పెట్టి, కప్పేసి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి పోతుంది. ఏబై రోజులు అటూ ఇటూగా పిల్లలు పైకి వచ్చి తమంత తామే నీళ్లలోకి నడుస్తాయి. పుట్టుకతోనే తల్లిలేనివి, ఎవరి జాలీ అక్కరలేనివి. వాటికి కావలసినది దారిలో కుక్కలూ దీపాలూ లేకపోవడమే. అంచేత జాలి అన్నది ఏ జంతువుకు ఏ రూపంలో కావాలో తెలియకుండా చూపరాదు.

మహారాష్ట్రలో జున్నరు ప్రాంతపు చెరుకుతోటల్లో చిరుతలు ఈనుతాయి. చెరుకు నరికేటప్పుడు పిల్లలు బయటపడతాయి. మొదట్లో జనం వాటిని ఎత్తుకుపోయేవారు, తల్లి చిరుత పిచ్చెత్తినట్టు ఊరిమీద పడేది. తరువాత అటవీశాఖవారూ అక్కడి చిరుతల కేంద్రంవారూ ఒక తేలిక మార్గం పట్టుకున్నారు. పిల్లలను పశువైద్యుడు చూసి, సాయంత్రం సరిగా దొరికినచోటనే ఒక పెట్టెలో పెట్టి, మనుషులందరూ తప్పుకుంటారు. చీకటిపడ్డాక తల్లి వస్తుంది, పెట్టెను పడదోసి ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని పోతుంది. ఇది ఎన్నోసార్లు జరిగింది. కెమెరాల్లో పడిన ఆ దృశ్యాలు నలభై నిమిషాల చిత్రానికి ఏమాత్రం తీసిపోవు. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదని మన పెద్దలు చెప్పే మాట పిల్లి జాతి విషయంలో నిజం కాదని కూడా వీటివల్ల తేలింది.

కొన్నేళ్లనాడు దాళ్వా కోతలప్పుడు మా దగ్గరా ఇలాంటిదే జరిగింది. కొడవళ్లతో కోసే రోజుల్లో మనిషి వంగి కోస్తాడు కనుక కూన ఉంటే కంటపడుతుంది. కోతమిషను డ్రైవరు ఎత్తున కూర్చుని ఉంటాడు, ముందేముందో కనిపించదు. ఆనాడు అదృష్టవశాత్తు మిషను మలుపు తిరిగేచోట వెనుక నడుస్తున్న కుర్రవాడు చూసి కేక వేశాడు. మూడు అడవిపిల్లి కూనలు. ఇంకా కళ్లు సరిగా తెరవలేదు. కుర్రవాళ్లు వాటిని బుట్టలో పెట్టి వీధిలోకి తెచ్చారు. పులిపిల్లలని ఒకరు, చిరుతలని ఒకరు. ఫోనుల్లో ఫోటోలు. ఒకావిడ జాలిపడి దూదితో ఆవుపాలు పట్టబోయింది. ఇంతలో పూర్వం ఏటిలో వేటకు వెళ్లిన పెద్దాయన ఒకాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి చూశాడు.

"ఒరే అబ్బాయిలూ, తెచ్చి ఎంతసేపయిందిరా?"

"గంటన్నర అయింది తాతా."

"అయితే తల్లి ఆ గట్టు పట్టునే ఉంటుంది. పాలు పట్టకమ్మా, కడుపు పోతుంది. ఎక్కడివి అక్కడ పెట్టి రండి."

కుర్రవాళ్లకు ఇష్టం లేదు. కుక్కలు తినేస్తాయన్నారు. అదీ నిజమే. అటవీశాఖకు ఫోను చేశారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. యానాం పుదుచ్చేరిది, పొలం దాటితే ఆంధ్రప్రదేశ్‌ది, పిల్లి దొరికిన గట్టు ఎవరిదో తేలడానికి కొంత సేపు పట్టింది. తేలినాక వారు చెప్పినమాటా పెద్దాయన చెప్పినదే. పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమనీ చెప్పారు. పొద్దువాలేవేళకు కూనలను దొరికినచోటికి పది బారల దూరంలో, మిషను తగలని గట్టుపక్కన తట్టలో పెట్టారు. నలుగురు కుర్రవాళ్లు రోడ్డు మీద, గాలికి ఎదురుగా, కుక్కలు అటు రాకుండా కాపలా కూర్చున్నారు. మేమూ కాసేపు కూర్చున్నాం. దోమలు తప్ప ఏమీ కనిపించలేదు.

తెల్లవారి చూస్తే తట్టలో ఒకటే ఉన్నది. రెండు లేవు. ఆ మిగిలినది కీచుకీచుమంటున్నది. దీన్ని వదిలేసి పోయింది, ఇక మనమే పెంచాలని కుర్రవాళ్లు పట్టుపట్టారు. పెద్దాయన ఒప్పుకోలేదు. దాని మీద తడిగుడ్డ నీడ కట్టించి, ఆ పగలంతా ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. పోతుందేమోనని మాకూ భయమే. రెండోరాత్రి పదిగంటల వేళకే తట్ట ఖాళీ అయింది. తడిమట్టిలో పెద్దపిల్లి అడుగులు కాలువ వైపు వెళ్లాయి.

ఆ తరువాత వచ్చిన దాళ్వా నుంచి ఆ చేను రైతు కోతమిషనుకు ముందుగా ఒక మనిషిని వరసల్లో నడిపిస్తున్నాడు. చేతిలో పొడుగాటి కర్ర, నోట ఏదో ఒక కూత. ఎకరానికి పావుగంట ఆలస్యమవుతుందని మిషను వాళ్లు మొదట గొణిగారు. ఆ పావుగంట బాడుగ ఆయనే పెట్టుకుంటున్నాడు. ఇప్పుడు పక్క రెండు చేలవాళ్లు కూడా అదే మనిషిని పిలుచుకుంటున్నారు.